రాగి నల్లబడకుండా, చిలుము పట్టకుండా కాపాడుకోవడం ఎలా: దశలవారీ సమగ్ర మార్గదర్శి

ఎంతో శ్రమపడి తోమి తళతళలాడేలా చేసిన రాగి వస్తువు పది రోజులు తిరగకముందే మళ్ళీ వన్నె తగ్గిపోతోందని, దానికి మార్గమేమిటని అడిగేవారు చాలామంది ఉన్నారు. తోమడం వేరు, కాపాడడం వేరు అన్నదే దీనికి మొదటి జవాబు. తోమినప్పుడు పైనున్న పాత పొర పోయి కొత్త లోహం గాలికి బయటపడుతుంది, ఆ క్షణం నుంచే అది ఆక్సిజన్‌తోనూ, గాలిలోని గంధకపు వాయువులతోనూ కలవడం మొదలుపెడుతుంది. తోమడం పూర్తయ్యాక, రక్షణ పూత వేయడానికి ముందు గడిచే ఆ కొద్ది గంటల్లో ఎంత శుభ్రంగా, ఎంత పొడిగా ఉంచామన్నదాన్ని బట్టే ఆ మెరుపు వారం నిలుస్తుందా, ఏళ్ళ తరబడి నిలుస్తుందా అన్నది తేలుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ దశకే కేటాయించాను.

## 1. మచ్చ రంగును బట్టి కారణం గుర్తించండి

రాగి మీద ఏర్పడే పొరలన్నీ ఒకటి కావు. చేతిలోకి బ్రష్ తీసుకునే ముందు వస్తువును పగటి వెలుతురులో పరిశీలించండి.

- ఎర్రగోధుమ రంగు: ఆక్సీకరణ తొలి దశలో ఏర్పడే కుప్రస్ ఆక్సైడ్ పొర ఇది. పలుచగా ఉంటుంది, హాని తక్కువ.
- ఇంద్రధనుస్సు రంగులు: వేడి తగిలినప్పుడు ఏర్పడే అతి పలుచని ఆక్సైడ్ పొర వల్ల ఇవి కనిపిస్తాయి.
- ముదురు గోధుమ, నలుపు: కుప్రిక్ ఆక్సైడ్ గానీ, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి గంధకపు వాయువుల వల్ల ఏర్పడిన సల్ఫైడ్ గానీ కావచ్చు.
- వేలిముద్ర ఆకారంలో మచ్చలు: చెమటలోని ఉప్పు, ఆమ్లాలు లోహాన్ని తిన్న గుర్తులు ఇవి. ఆలస్యం చేస్తే తుడిచినా పోవు.
- గట్టిగా, నునుపుగా అంటుకున్న ఆకుపచ్చ పొర: ఆరుబయట ఉండే రాగి మీద ఏళ్ళ తరబడి ఏర్పడే చిలుము. ఇందులో క్షార సల్ఫేట్లు, కార్బొనేట్లు ఉంటాయి, సముద్ర తీరాల్లో క్లోరైడ్లు కూడా చేరతాయి.
- జిడ్డుగా ఉన్న ఆకుపచ్చ: తోలు, నూనె, పాత పాలిష్ మిగులు వంటివాటిలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసినప్పుడు వస్తుంది.
- గుంటల్లోంచి రాలే లేతాకుపచ్చ పొడి: ఇది ప్రమాదకరమైన గుర్తు. దీని సంగతి చివరి భాగంలో వివరించాను. అది చదవకుండా ఆ వస్తువును నీళ్ళతో కడగవద్దు.

ఇత్తడి వస్తువు మీద అక్కడక్కడ గులాబీ మచ్చలు కనిపిస్తే, మిశ్రమంలోని జింకు కరిగిపోయి రాగి మాత్రమే మిగిలిందని అర్థం. అక్కడ లోహం గుల్లబారి ఉంటుంది కనుక గట్టిగా తోమకూడదు.

## 2. వస్తువు ఎటువంటిదో తేల్చుకోండి

ఈ దశను దాటవేసినవారే ఎక్కువగా నష్టపోతారు. నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికాకే ముందుకు వెళ్ళండి.

అది అచ్చమైన రాగేనా? అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. రాగి, ఇత్తడి, కంచు అయస్కాంతానికి అంటుకోవు. అంటుకుంటే లోపల ఉన్నది ఇనుము లేదా ఉక్కు, పైన ఉన్నది రాగి పూత మాత్రమే. దాన్ని రాపిడి పెట్టి తోమితే పూత అరిగి ఇనుము బయటపడుతుంది.

ఇప్పటికే పారదర్శక పూత ఉందా? కనబడని చోట ఒక చుక్క నిమ్మరసం వేసి ఒక నిమిషం ఆగి, తడిగుడ్డతో తుడవండి. ఆ చోటు ప్రకాశవంతంగా మారితే పూత లేనట్టు. ఏ మార్పూ లేకపోతే పూత ఉండే అవకాశం ఎక్కువ. పూత బాగా ఉన్న వస్తువుకు గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల తేలికపాటి ద్రవ సబ్బు చాలు. పాలిష్ వాడితే పూత గీతలు పడి పాడవుతుంది.

అది పాతకాలపు వస్తువా? పురాతనమైన విగ్రహాలు, నాణేలు, పనిముట్ల మీద ఉన్న గట్టి పొర వాటి చరిత్రలో భాగం, విలువలోనూ భాగం. ఒకసారి తోమేస్తే మళ్ళీ రాదు. అటువంటివాటిని మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, పొడి చోట ఉంచి, మిగిలిన పని లోహ పరిరక్షణ నిపుణులకు వదిలేయడమే సరైన పద్ధతి.

వండడానికో, తాగడానికో వాడతారా? అయితే ఈ వ్యాసంలోని పూతలేవీ ఆహారం తగిలే వైపు వేయకూడదు. తొమ్మిదో భాగం చూడండి.

## 3. సామగ్రి సిద్ధం చేసుకోండి

పని మధ్యలో లేచి వెతుక్కోవడం ఈ పనికి పనికిరాదు. తోమిన రాగి మనకోసం ఆగదు కాబట్టి అన్నీ ముందే చేతికందేలా పెట్టుకోండి.

- నైట్రైల్ చేతి తొడుగులు రెండు జతలు (ఒకటి కడగడానికి, మరొకటి పూత పనికి)
- కళ్ళద్దాలు
- తేలికపాటి ద్రవ సబ్బు
- నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం
- వంట సోడా
- డిస్టిల్డ్ వాటర్ కనీసం రెండు లీటర్లు
- పీచు రాలని మెత్తని నూలు గుడ్డలు
- మెత్తని నైలాన్ బ్రష్
- మెత్తని సుద్ద పొడి
- అసిటోన్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- హెయిర్ డ్రయ్యర్
- ఎంచుకున్న పూత: పారదర్శక వార్నిష్ లేదా మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే, సన్నని స్ఫటికాలున్న మైనం)

ఉక్కు పీచును ఈ జాబితాలో కావాలనే చేర్చలేదు. దాని తునకలు రాగిలో ఇరుక్కుని, తరువాత తుప్పు పట్టి ఎర్రటి చుక్కలుగా బయటపడతాయి. బ్లీచింగ్ ద్రావణం, టాయిలెట్ క్లీనర్లలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియా ఉన్న ద్రావణాలు కూడా వాడకండి. మొదటి రెండూ క్లోరైడ్లను మిగులుస్తాయి. అమ్మోనియా అయితే లోపల ఒత్తిడి మిగిలి ఉన్న ఇత్తడిని పగుళ్ళు వారేలా చేస్తుంది.

## 4. శుభ్రపరిచే క్రమం

క్రమం మార్చవద్దు. జిడ్డు ఉండగా ఆమ్లం వేస్తే ఆమ్లం సమంగా పనిచేయక మచ్చలు మచ్చలుగా వస్తుంది.

4.1 దుమ్ము దులపండి. పొడి బ్రష్‌తో చెక్కడాల మధ్యనున్న దుమ్ము తీసేయండి. దుమ్ముతోనే తోమితే అది ఇసుక కాగితంలా గీస్తుంది.

4.2 జిడ్డు వదిలించండి. గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడిగి, మంచి నీళ్ళతో జాడించండి. పాత మైనమో, పాలిష్ మిగులో ఉంటే గుడ్డకు అసిటోన్ తడిపి తుడవండి. అసిటోన్ సులువుగా అంటుకుంటుంది కనుక దగ్గరలో మంట, నిప్పురవ్వ ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. చెడిపోయిన పాత వార్నిష్ అసిటోన్‌కు మెత్తబడి ఊడివస్తే సరే. రాకపోతే అది ఎపాక్సీ లేదా పాలీయురెథేన్ రకమై ఉంటుంది. అలాంటిదాన్ని గీకకుండా, దానికి తగిన రంగు తొలగించే ద్రావణం వాడండి.

4.3 ఆక్సైడ్ పొర తీయండి. ఒక లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపితే సుమారు 5 శాతం ద్రావణం అవుతుంది. వస్తువును అందులో ముంచి గానీ, గుడ్డతో తడిపి గానీ రెండు నుంచి ఐదు నిమిషాలు ఉంచి, మెత్తని బ్రష్‌తో రుద్దండి. పొర మందంగా ఉంటే ఒక్కసారే ఎక్కువసేపు నానబెట్టడం కన్నా రెండు మూడు విడతలుగా చేయడం మంచిది.

ఇత్తడి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచితే ఉపరితలం గులాబీ రంగుకు తిరుగుతుంది. రెండు నిమిషాలు దాటనివ్వకండి.

నిమ్మరసానికి ఉప్పు కలిపి తోమే పద్ధతి ఎందరికో తెలిసినదే. అది త్వరగా మెరిపిస్తుందన్నది నిజమే, కానీ ఉప్పులోని క్లోరైడ్ లోహపు సన్న రంధ్రాల్లో, అతుకుల్లో మిగిలిపోతే కొత్త చిలుముకు అదే విత్తనమవుతుంది. పూత వేయదలచిన వస్తువుకు నేను ఉప్పు వాడను, మీరు కూడా వాడవద్దనే చెబుతాను. రోజూ కడిగే పాత్రకైతే పరవాలేదు, కానీ బాగా జాడించాలి.

4.4 ఆమ్లాన్ని విరిచేయండి. ధారాళంగా నీళ్ళు పోసి కడిగాక, లీటరు నీటిలో రెండు చెంచాల వంట సోడా కలిపి ఒక నిమిషం ముంచండి. మళ్ళీ నీళ్ళతో కడగండి.

4.5 మెరుగు పెట్టాలంటే. అద్దంలాంటి మెరుపు కావాలనుకుంటేనే ఈ మెట్టు. మెత్తని సుద్ద పొడిని డిస్టిల్డ్ వాటర్‌తో ముద్దగా కలిపి, ఒకే దిశలో, తేలిక చేతితో రుద్దండి. తోమిన ప్రతిసారీ కొంత లోహం అరుగుతుందని, చెక్కడాల అంచులు ముందుగా అరుగుతాయని గుర్తుంచుకోండి.

4.6 చివరి కడుగు. కుళాయి నీటిలోని లవణాలు ఆరిపోయి తెల్ల మచ్చలవుతాయి. అందుకే ఆఖరి రెండు జాడింపులకూ డిస్టిల్డ్ వాటరే వాడండి. ఇక్కడి నుంచి ఉత్త చేతులతో ముట్టుకోవద్దు.

## 5. నీటి పొర పరీక్ష, ఆరబెట్టడం

చివరి జాడింపు కాగానే వస్తువును ఏటవాలుగా పట్టుకుని చూడండి. నీరు తెగకుండా ఒకే పలుచని పొరగా జారితే ఉపరితలం శుభ్రంగా ఉన్నట్టు. ఎక్కడైనా నీరు విడిపోయి బొట్లు కట్టిందంటే అక్కడ జిడ్డు మిగిలే ఉంది. విసుగనిపించినా 4.2 మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఆ జిడ్డు మీద వేసిన పూత ఎలాగూ నిలవదు.

పరీక్ష నెగ్గాక పొడి గుడ్డతో అద్ది, వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. దానంతటది ఆరనివ్వడం పొరపాటు. ఆమ్లంతో శుభ్రమైన రాగి చాలా చురుకుగా ఉంటుంది కాబట్టి తడి ఆరేలోపే దాని మీద కొత్త మరకలు పడతాయి. అంచు మడతలు, మరమేకుల రంధ్రాలు, బోలుగా ఉన్న అడుగు భాగం, అతుకుల సందులు తేమ దాక్కునే చోట్లు. వాటి దగ్గర ఎక్కువసేపు వేడిగాలి పట్టండి. చివరగా కొత్త గుడ్డతో ఆల్కహాల్ గానీ, అసిటోన్ గానీ ఒకసారి తుడిస్తే మిగిలిన తేమ, జిడ్డు రెండూ పోతాయి.

వీలైతే గంటలోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ రోజే పూత వేయండి.

పూతకు ముందు సరిచూసుకోవలసినవి:

- నీరు బొట్లు కట్టకుండా జారిందా?
- సందుల్లో తేమ లేదు కదా?
- వస్తువు చల్లబడి గది ఉష్ణోగ్రతకు వచ్చిందా?
- చేతి తొడుగులు కొత్తవేనా?
- గదిలో దుమ్ము, వానాకాలపు చెమ్మ లేవు కదా?

## 6. ఏ పూత ఎంచుకోవాలి?

మైనం: ఇంట్లో ఉండే వస్తువులకు, అప్పుడప్పుడు చేతితో తాకేవాటికి నా మొదటి సలహా ఇదే. వేయడం తేలిక, తీయడం తేలిక, తప్పు జరిగినా వస్తువుకు నష్టం లేదు. ఆరు నెలలకో, ఏడాదికో మళ్ళీ వేయాలి.

పారదర్శక వార్నిష్: దుకాణాల్లో క్లియర్ లాకర్ పేరుతో దొరుకుతుంది. ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ ఒక్కచోట పగిలినా మొత్తం తీసి మళ్ళీ వేయవలసిందే. గోడకు తగిలించే అలంకరణలకు, దీపాల అమరికలకు అనువైనది.

నిరోధక రసాయనం: బెంజోట్రయజోల్ అనే పదార్థం రాగితో బంధం ఏర్పరచుకుని కంటికి కనబడని రక్షణ పొరగా మారుతుంది. పరిరక్షణశాలల్లో దీన్ని సాధారణంగా ఆల్కహాల్‌లో 3 శాతం ద్రావణంగా వాడతారు. ఇంట్లో ఈ పొడిని విడిగా కలపవద్దు, అది కళ్ళకు, జలచరాలకు హాని చేస్తుంది. రాగి లోహాల కోసమే 1960ల్లో రూపొందించిన ఇన్‌క్రలాక్ వంటి ఎక్రిలిక్ వార్నిష్‌లలో ఇది ముందే కలిసి ఉంటుంది. ఆరుబయట ఉండే విగ్రహాలకు అటువంటి వార్నిష్, దాని మీద మైనం వేయడం పరిరక్షకులు అనుసరించే పద్ధతి.

వంటనూనె, కొబ్బరినూనె రాసి మెరిపించే అలవాటు మానుకోండి. నూనె కొన్నాళ్ళకు జిగురు కట్టి, ఆమ్లాలుగా మారి, మొదటి భాగంలో చెప్పిన జిడ్డు చిలుముకు దారి తీస్తుంది.

## 7. వార్నిష్ వేసే విధానం

గాలి ఆడే, దుమ్ము లేని చోటు ఎంచుకోండి. ఆర్ద్రత ఎక్కువగా ఉన్న రోజున వేస్తే ఆరుతున్న పూతలో తేమ చిక్కుకుని తెల్లటి పొగమంచులా కనిపిస్తుంది.

1. డబ్బాను తయారీదారు చెప్పినంతసేపు కుదపండి. ముందుగా ఒక అట్టముక్క మీద వేసి చూడండి.
2. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, వస్తువు అంచుకు బయట మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక ఆపండి. మధ్యలో ఆపితే అక్కడ చుక్కలు కారతాయి.
3. మొదటి పొర పలుచగా ఉండాలి. ఒకేసారి మెరిసిపోవాలని మందంగా వేయకండి.
4. డబ్బా మీద రాసిన వ్యవధి ఆగి, రెండో పొరను మొదటిదానికి అడ్డంగా వేయండి. మూడో పొర మళ్ళీ మొదటి దిశలో.
5. అంచులను, మూలలను ప్రత్యేకంగా చూడండి. ద్రవం అంచుల నుంచి వెనక్కి లాగేసుకుంటుంది కనుక చిలుము ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది.
6. వెనుక వైపు, అడుగు భాగం వదిలేయవద్దు.
7. ఒక పూర్తి రోజు ముట్టుకోకుండా ఆరనివ్వండి.

## 8. మైనం వేసే విధానం

వస్తువును హెయిర్ డ్రయ్యర్‌తో చేతికి వెచ్చగా తగిలేంత వరకు వేడి చేయండి. గుడ్డకు కొద్దిగా మైనం తీసుకుని చిన్న చిన్న వలయాలుగా రాయండి, చెక్కడాల్లోకి మెత్తని బ్రష్‌తో పంపండి. పది పదిహేను నిమిషాలు ఆగి శుభ్రమైన గుడ్డతో మెరుగు పెట్టండి. మర్నాడు రెండో పొర వేస్తే మొదటి పొరలో వదిలేసిన చోట్లు కూడా మూసుకుంటాయి.

## 9. వంట, తాగునీటి పాత్రల సంగతి

లోపలి వైపు వార్నిష్, మైనం, పాలిష్ ఏదీ వద్దు. పులుపు పదార్థాలు రాగిని కరిగిస్తాయి, పీహెచ్ (పులుపును తెలిపే కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) 6 కన్నా తక్కువ ఉన్న ఆహారాన్ని కళాయి లేని రాగి పాత్రలో ఉంచకూడదు. తాగునీటిలో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక ప్రమాణం.

ఈ పాత్రలకు అసలు రక్షణ తగరపు కళాయి. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కనుక ఖాళీ పాత్రను పొయ్యి మీద ఉంచకండి. కళాయి అరిగి ఎరుపు కనిపిస్తే మళ్ళీ పెట్టించండి. బయటి వైపు కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టడమే చాలు.

## 10. రాగికి వేరే లోహం తాకే చోట

తేమ ఉన్నప్పుడు రెండు వేర్వేరు లోహాలు తాకితే అక్కడ చిన్న విద్యుత్ ఘటం తయారవుతుంది. రాగితో జత కలిసిన ఇనుము, అల్యూమినియం, జింకు ముందుగా తినుకుపోతాయి. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమలో రాగి తొడుగుకూ, లోపలి ఇనుప చట్రానికీ మధ్య వేసిన ఇన్సులేషన్ చెడిపోయి ఇనుము తీవ్రంగా తుప్పు పట్టింది. 1984-86 మరమ్మతుల్లో ఆ ఇనుప పట్టీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీలు అమర్చి, వాటికీ రాగికీ మధ్య టెఫ్లాన్ పొర వేశారు. ఇంట్లో చేసే పనికీ సూత్రం అదే.

- రాగి రేకుకు రాగి, ఇత్తడి లేదా కంచు మేకులే వాడండి.
- ఇనుప బిగింపు తప్పనిసరైతే మధ్యలో నైలాన్ వాషరో, ప్లాస్టిక్ పొరో పెట్టండి.
- రాగి కప్పు మీది వాన నీరు జింకు పూత రేకు మీదుగా పారకుండా చూడండి.
- గొట్టాలకు టంకం వేశాక మిగిలిన, టంకం బాగా అంటుకోవడానికి రాసే ఫ్లక్స్‌ను వేడినీటి గుడ్డతో తుడవండి. అతుకుల దగ్గర కనిపించే పచ్చటి చారలకు చాలాసార్లు ఆ మిగులే కారణం.
- విద్యుత్ కలయికల మీద వార్నిష్ వేయవద్దు, అది విద్యుత్‌ను అడ్డుకుంటుంది. రాగి, అల్యూమినియం తీగలను నేరుగా కలపకుండా, అందుకోసమే తయారైన ద్విలోహ లగ్గులు (ఒక వైపు రాగి, మరో వైపు అల్యూమినియం ఉండే తీగ బిగింపులు) వాడే పనిని ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి.

## 11. దాచిపెట్టేటప్పుడు

అడుగున దాచి, ఏడాది తరువాత తీసి చూస్తే నల్లబడిన వస్తువుకు కారణం తరచుగా చుట్టిన పదార్థమే. ఉన్ని, రబ్బరు గంధకపు వాయువులు వదులుతాయి. వార్తాపత్రికల కాగితం, ఓక్ వంటి కొన్ని చెక్కలు ఆమ్ల ఆవిర్లు వదులుతాయి. పీవీసీ సంచులు క్లోరైడ్ మూలాలు.

వీటికి బదులు ఆమ్ల రహిత కాగితంలో చుట్టి, మూత బిగిసే పాలీఎథిలీన్ సంచిలో పెట్టి, లోపల సిలికా జెల్ పొట్లం ఉంచండి. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చగా మారితే అవి తేమతో నిండినట్టు. ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. గంధకపు వాయువులను పీల్చే ప్రత్యేక పట్టీలు దొరికితే అవీ చేర్చండి.

## 12. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

వార్నిష్ కింద దారంలా పాకుతున్న నల్లగీతలు: పూతకు ముందు ముట్టుకున్న వేలిముద్ర గానీ, మిగిలిన ఉప్పు గానీ కారణం. పైన మరో పొర వేస్తే పోదు. పూత మొత్తం తీసి నాలుగో భాగం నుంచి చేయాలి.

తెల్లటి మసక: తేమ రోజున వేసిన పూత. పొడి వాతావరణంలో మరో పలుచని పొర వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే తీసేయండి.

చెక్కడాల్లో తెల్ల పొడి: ఆరిపోయిన పాలిష్. ఆల్కహాల్ తడిపిన మెత్తని బ్రష్‌తో తీయండి. సూదితో గీకవద్దు.

తోమిన గంటకే ఎర్రబడడం: ఆమ్లం పూర్తిగా విరగలేదు, లేదా ఆరబెట్టడంలో ఆలస్యం జరిగింది. 4.3 మెట్టును ఒక్క నిమిషం పాటు మళ్ళీ చేసి, ఈసారి హెయిర్ డ్రయ్యర్‌ను పక్కనే పెట్టుకోండి.

మైనం మీద దుమ్ము అంటడం: మైనం ఎక్కువైంది. వెచ్చచేసి, పొడి గుడ్డతో మిగులు తుడవండి.

## 13. లేతాకుపచ్చ పొడి రాలుతుంటే

దీన్ని పరిరక్షకులు కంచు వ్యాధి అంటారు, రాగికీ వస్తుంది. లోహంలో చిక్కుకున్న కుప్రస్ క్లోరైడ్, తేమతోనూ ఆక్సిజన్‌తోనూ కలిసి క్షార క్లోరైడ్‌గా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం మళ్ళీ రాగిని తిని కొత్త క్లోరైడ్ తయారుచేస్తుంది. తేమ అందినంతకాలం ఈ చక్రం ఆగదు. పైపైన తోమి వార్నిష్ వేస్తే అది లోపల కొనసాగుతూనే ఉంటుంది.

అటువంటి వస్తువు కనిపించగానే ఇలా చేయండి:

1. మిగిలిన రాగి వస్తువుల నుంచి వేరు చేయండి.
2. నీళ్ళు తగలనివ్వకండి.
3. రాలిన పొడిని పొడి బ్రష్‌తో, చేతి తొడుగులు వేసుకుని తీసేయండి.
4. బిగుతైన డబ్బాలో తగినంత సిలికా జెల్‌తో ఉంచి, లోపలి సాపేక్ష ఆర్ద్రతను 40 శాతం లోపే నిలపండి. చిన్న హైగ్రోమీటర్ (గాలిలో తేమను కొలిచే పరికరం) ఒకటి డబ్బాలోనే పెట్టండి.
5. పొడి మళ్ళీ రాలుతోందేమో రెండు వారాలకోసారి ఫొటో తీసి పోల్చి చూడండి. రాలుతుంటే ఆ ఫొటోలతో సహా వస్తువును పరిరక్షణ నిపుణులకు చూపించండి. ఏ మచ్చ ఎప్పుడు మొదలై ఎంత పెరిగిందో తెలిస్తే వారి పని సగం తేలికవుతుంది.